సంగటి మానితే ఒళ్లు తగ్గుతుందా?

1952లో రాయలసీమను కరువు పీడించినప్పుడు ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరిచిన సంగతి పెద్దలకు తెలిసినదే. ఆనాడు తల్లి కొంగు పట్టుకుని, చేతిలో ముంతతో వరుసలో నిలబడిన పసివాళ్లు ఇప్పుడు ఎనభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్నారు. వారి మనుమలూ మనుమరాళ్లూ నేడు అడుగుతున్న ప్రశ్న వేరు. "అన్నం, సంగటి పూర్తిగా మానేస్తే ఒళ్లు తగ్గుతుందా? షుగరు పోతుందా?" అని వారు అడుగుతున్నారు.

ఈ ప్రశ్న విని కొందరు పెద్దలు నవ్వుతారు. కానీ ఇది నవ్వి తోసిపుచ్చవలసిన విషయం కాదు. ఊరి కట్టమీద పదిమంది కూర్చుంటే అందులో ఇద్దరు ముగ్గురైనా షుగరు మాత్రలు మింగేవారు ఉంటున్నారు. భారత వైద్య పరిశోధన మండలి జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో షుగరు జబ్బు ఉన్నవారు 10 కోట్ల పైచిలుకని, ఆ జబ్బు అంచున ఉన్నవారు 13 కోట్లు దాటారని ఆ సర్వే తేల్చింది. ఇది పట్నాల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అని మనం ఇన్నాళ్లూ అనుకున్నాము. ఇప్పుడది పొలం గట్టు మీదికి వచ్చింది. కనుక ఏది తినాలి, ఏది మానాలి అన్న విచారణ పల్లెవాసులకు కూడా అవసరమైంది.

అయితే ఈ విచారణ చేయవలసిన తీరులో జరగడం లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒకాయన సెల్‌ఫోనులో ఒక ఉపన్యాసం విని మరునాటి నుండి అన్నం మానేస్తాడు. ఆయనకు పది కిలోలు తగ్గిందని విని పక్కింటాయన కూడా మానేస్తాడు. మొదటాయన మాత్రలు వేరు, రెండవ ఆయన మాత్రలు వేరు అన్న సంగతి ఇద్దరికీ పట్టదు. అందుచేత తరచు వినవచ్చే ప్రశ్నలను ఒక్కొక్కటిగా తీసుకుని విచారించడం మేలు.

ఈ పద్ధతి ఎక్కడిది?

తిండిలో పిండి పదార్థాలను, అనగా అన్నం, రొట్టె, సంగటి, చక్కెర, బెల్లం వంటివాటిని బాగా తగ్గించి, మాంసకృత్తులతోనూ కొవ్వుతోనూ కడుపు నింపుకోవడమే ఈ పద్ధతి. ఇది కొత్తదేమీ కాదు. లండనులో విలియం బాంటింగ్ అనే స్థూలకాయుడు రొట్టె, బంగాళాదుంప, చక్కెర మాని తాను ఎలా సన్నబడ్డాడో 1863లోనే ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. 1920 దశకంలో అమెరికా వైద్యులు మూర్ఛవ్యాధి ఉన్న పిల్లలకు దాదాపు పిండి లేని, కొవ్వు నిండిన ఆహారం పెట్టి వైద్యం చేశారు. 1972లో అట్కిన్స్ అనే అమెరికా వైద్యుడు బరువు తగ్గడానికి ఇదే బాట అని పుస్తకం రాశాడు.

మన తెలుగునాట 2017, 2018 సంవత్సరాలలో వీరమాచనేని రామకృష్ణ గారి ప్రచారంతో ఇది ఇంటింటి మాట అయింది. అన్నం, రొట్టెలు, పండ్లు, చక్కెర మానాలి. రోజుకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు తీసుకోవాలి అన్నది ఆ పద్ధతి సారాంశం. సభలకు జనం తండోపతండాలుగా వచ్చారు. పలువురు వైద్యులు అభ్యంతరం చెప్పారు. పాటించిన వారిలో బరువు తగ్గినవారు, మాత్రలు తగ్గినవారు ఉన్నమాట నిజం. దాన్ని కాదనడం న్యాయం కాదు. కానీ ఒకరికి మేలు చేసినది అందరికీ మేలు చేస్తుందా, ఎన్నాళ్లు చేస్తుంది అన్నవి అసలు ప్రశ్నలు.

మొదటి వారంలో తగ్గేది ఏమిటి?

అన్నం మానిన వారం రోజులకే రెండు మూడు కిలోలు తగ్గామని చెప్పేవారు చాలామంది. వారు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ తగ్గినదంతా కొవ్వు కాదు. మనం తిన్న పిండి పదార్థంలో కొంత భాగాన్ని శరీరం కాలేయంలోనూ, కండరాలలోనూ నిల్వ పెట్టుకుంటుంది. ఆ నిల్వ ఒక గ్రాము ఉంటే దానితోపాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. పిండి మానగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరు మూత్రంలో పోతుంది. తూకం రాయి కిందికి దిగుతుంది. తిరిగి పెళ్లి విందులో ఓళిగలు, చిత్రాన్నం తిన్న మరునాడు అదే నీరు తిరిగి చేరుతుంది. ఈ సంగతి తెలియక కొందరు మొదట ఎగిరి గంతేస్తారు, తర్వాత నీరుగారిపోతారు.

మరి సంవత్సరం పాటు చూస్తే ఎలా ఉంటుంది? అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించిన తిండి, మరొక జట్టుకు పిండి తగ్గించిన తిండి ఏడాదిపాటు చెప్పి చూశారు. 2018లో ఫలితం ప్రకటించారు. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదని వారే తేల్చారు. ఏ దారిన పోయినా మొత్తంమీద తిండి తగ్గి, ఆ తగ్గింపు నిలిచినవారే సన్నబడ్డారని దీనివల్ల తెలుస్తున్నది. మంత్రం అన్నంలో లేదు, నూనెలో లేదు. సంవత్సరాల తరబడి కొనసాగించగలిగిన పద్ధతి ఏదో అదే మందు.

సంగటి, కొర్రన్నం తినవచ్చునా?

మన జిల్లాలో అందరికంటె ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. "అన్నం మానేశాను సామీ, మూడుపూటలా సంగటే తింటున్నా. షుగరు ఎందుకు తగ్గలేదు?" అని అడిగేవారున్నారు. దీనికి సూటిగా జవాబు చెప్పుకోవాలి. 100 గ్రాముల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములు. రాగుల్లో, జొన్నల్లో అది 67, 68 గ్రాములు. కొర్రల్లో సుమారు 60. అనగా రాగి, జొన్న, కొర్ర ఏదైనా పిండి ధాన్యమే. వాటిని కడుపునిండా మూడుపూటలా తింటే అది పిండి తగ్గించిన తిండి అనిపించుకోదు.

అయితే వాటి గొప్ప వేరే చోట ఉంది. బియ్యంలో పీచు 3 గ్రాములకు లోపు. రాగుల్లో, జొన్నల్లో 10, 11 గ్రాములు. రాగుల్లో సున్నం, అనగా కాల్షియం, 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పీచు ఉన్నందున అవి నెమ్మదిగా అరుగుతాయి, తొందరగా ఆకలి వేయదు. మైసూరులో ఉంటూ కొర్ర, అండుకొర్ర, సామ, ఊద, అరికెలను సిరిధాన్యాలని ప్రచారం చేసిన డాక్టర్ ఖాదర్ వలీ గారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఐక్యరాజ్య సమితి ఆ సంవత్సరాన్నే చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇవి మన మెట్ట పొలాలకు దక్కిన గౌరవాలు. కానీ గౌరవం దక్కినంత మాత్రాన ముద్ద సైజు మరచిపోరాదు.

ఇంకొక చిక్కు ఉంది. మన తాతల నాటి సంగటిలో రాగిపిండి ఎక్కువ, నూకలు తక్కువ. నేడు చాలా ఇళ్లలో బియ్యం ఉడికించి దానిమీద రెండు పిడికెళ్లు రాగిపిండి చల్లి సంగటి అంటున్నాము. రంగు సంగటిది, సారం అన్నానిది. పైగా మిషనులో మెత్తగా పట్టించిన పిండి తొందరగా అరిగి రక్తంలో చక్కెరను తొందరగానే పెంచుతుంది. కాస్త మొరుముగా పట్టించుకోవడం, బియ్యం పాలు తగ్గించడం, ముద్ద సగం చేసి పక్కన పప్పాకు రెట్టింపు చేయడం మేలు. పిడికిలంత ముద్దకు రెండు గరిటెల పప్పాకు ఉంటే అది మంచి భోజనం. రెండు పిడికెళ్ల ముద్దకు వేలితో నాకేంత ఊరుబిండి అయితే అది భోజనం కాదు, కడుపు నింపుకోవడం మాత్రమే.

మన తిండి ఎక్కడ చెడింది?

అన్నం తప్పు చేసిందని నిందించే ముందు అన్నం మన ఇంటికి ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. వరి మనకు పండుగ తిండి. హిందూపురం, మడకశిర వైపు రాగిసంగటి, ఉరవకొండ, రాయదుర్గం వైపు జొన్నరొట్టె, అన్నిచోట్లా కొర్రన్నం నిత్యం ఉండేవి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అది పేదవాని ఆకలి తీర్చిన పథకం, దాన్ని తూలనాడేవారు ఆకలి ఎరుగనివారు. కానీ అదే కాలంలో మన చేలనన్నింటినీ వేరుశనగ ఆక్రమించింది. కొర్ర, సజ్జ, ఆరికె సాలులో నుండి వెళ్లిపోయాయి. వాటి వెంటే సాళ్ల నడుమ వేసే కంది, అలసంద, అనుములు కూడా తగ్గాయి. చేలో పండని పప్పు అంగడిలో కొనవలసి వచ్చింది. కొనలేనివాడు పప్పు తగ్గించి అన్నం పెంచాడు.

ఇక్కడే అసలు రహస్యం ఉంది. మన పళ్లెంలో అన్నం పెరగడం సగం తప్పు, పప్పు తగ్గడం మిగతా సగం. పైగా ఎద్దులు పోయి ట్రాక్టరు, నడక పోయి మోటారు సైకిలు, బావి పోయి కుళాయి వచ్చాయి. శ్రమ తగ్గింది, ముద్ద తగ్గలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార నియమాలు కూడా ధాన్యాల నుండి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించరాదనీ, పప్పులు, గుడ్లు, మాంసం వంటివి పెరగాలనీ చెబుతున్నాయి. మనలో చాలామందికి అందులో సగానికంటె చాలా ఎక్కువ భాగం ధాన్యాల నుండే వస్తున్నది.

మరొక సంగతి కూడా ఆలోచించదగినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944-45 చలికాలంలో హాలెండు దేశంలో తీవ్రమైన ఆకలి వచ్చింది. ఆనాడు తల్లి కడుపులో ఉన్నవారు పెద్దయ్యాక రక్తంలో చక్కెరను అదుపు చేసుకోలేకపోవడం ఇతరులకంటె ఎక్కువగా కనిపించింది. పూణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం మన దేశపు శిశువులు చిన్నగా పుట్టినా వారి ఒంట్లో కండకంటె కొవ్వు పాలు ఎక్కువగా ఉంటున్నదని చూపించింది. తరతరాలుగా కరువు చూసిన సీమకు ఈ మాటలు గట్టిగా తగులుతాయి. అందుకే చూడటానికి సన్నగా ఉన్నా పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు మనలో ఎక్కువ. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, అనగా ముప్పైఐదున్నర అంగుళాలు, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అనగా ముప్పైఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. దీనికి తూకం యంత్రం అక్కరలేదు, దర్జీ టేపు చాలు.

నూనె తాగవలసిందేనా?

నూనె తాగితే కొవ్వు కరుగుతుందని కొందరు నమ్ముతున్నారు. నూనె కూడా తిండే. ఒక గ్రాము నూనెలో 9 క్యాలరీలు ఉంటాయి, ఒక గ్రాము పిండిలో 4. 70 గ్రాముల నూనె తాగితే 630 క్యాలరీలు లోపలికి పోయినట్లే. అన్నం పూర్తిగా మానినవానికి అది ఆకలి చంపుతుంది కనుక సాగుతుంది. కానీ ఉదయం నూనె తాగి మధ్యాహ్నం పెళ్లిలో అన్నం తినేవానికి రెండు విధాలా నష్టం. మన ఊళ్లలో నిజంగా జరుగుతున్నది చాలావరకు ఇదే. కొబ్బరినూనె, నెయ్యి వంటివి ఎక్కువగా తీసుకున్న కొందరికి రక్తంలో చెడు కొలెస్టరాలు బాగా పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారు పరీక్ష చేయించుకోకుండా ఈ జోలికి పోరాదు.

మన చేతిలోనే వేరుశనగ ఉండగా వేరే నూనె కొనవలసిన పని లేదు. 100 గ్రాముల విత్తనాలలో 25 గ్రాముల మాంసకృత్తులు, 40 గ్రాములకు పైగా నూనె ఉంటాయి. పిడికెడు, అనగా 30 గ్రాములు, ఉడికించిన లేదా వేయించిన విత్తనాలు తింటే సాయంత్రం బజ్జీల జోలికి పోనక్కరలేదు. అయితే పిడికెడు మాత్రమే. మాటల్లో పడి జేబునిండా తింటే అది ఒక పూట భోజనమంత అవుతుంది.

ఇక ఉగ్గాని సంగతి. ఉదయం ఉగ్గాని, బజ్జి లేనిదే మన జిల్లావారికి తెల్లవారదు. బొరుగులు తేలికగా కనిపిస్తాయి కానీ అవి బియ్యమే. దాని మీద నూనెలో మునిగిన మిరపకాయ బజ్జి, ఆపైన రెండు చెంచాల చక్కెరతో టీ. అన్నం మానేశామని చెప్పుకుంటూ ఈ మూడింటినీ వదలనివారిని చూస్తున్నాము. ముందు మానవలసినవి ఇవి. చక్కెర టీలు రోజుకు నాలుగైదు తాగేవారు వాటిలో చక్కెర తగ్గిస్తే చాలు, సగం యుద్ధం గెలిచినట్లే.

నాలుగు లీటర్ల నీళ్లు, ఏ నీళ్లు?

రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగమని చెప్పేవారు కోస్తా జిల్లాల కాలువ నీటిని దృష్టిలో ఉంచుకున్నారేమో. మన జిల్లాలో పలు గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు ఉందన్నది తెలిసినదే. ఆ బాధ తీర్చడానికే 1990 దశకం మధ్యలో సత్యసాయి మంచినీటి పథకం 700కు పైగా గ్రామాలకు నీరు ఇచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉన్న నీరు తాగరాదు. రెండు లీటర్లు తాగేవాడు నాలుగు లీటర్లు తాగితే ఒంట్లో చేరే ఫ్లోరైడు కూడా రెట్టింపు అవుతుంది. పళ్లు గారపట్టడం, కీళ్లు బిగుసుకుపోవడం మనకు కొత్త కాదు. ఒంటి కొవ్వు కరిగించుకోబోయి ఎముకలు చెడగొట్టుకోవడం తెలివైన పని కాదు.

కనుక ముందు తాగే నీరు పరీక్ష చేయించుకోవాలి. దాహం తీరేంత, మూత్రం పలుచని రంగులో వచ్చేంత తాగాలి. మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారు ఎంత తాగాలో డాక్టరు చెప్పాలి, ఉపన్యాసం కాదు.

మాత్రలు మింగేవారు ఏమి చేయాలి?

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవలసి వస్తే ఈ భాగం గుర్తుంచుకోవాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ మోతాదులు మనం తినే అన్నాన్ని లెక్కలోకి తీసుకుని ఇస్తారు. అన్నం ఒక్కసారిగా మాని, మాత్ర మాత్రం పాత మోతాదులో మింగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ముఖ్యంగా ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారికి ఈ ముప్పు ఉంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, కళ్లు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. రక్తంలో చక్కెర 70కి దిగువకు పోయినట్లు భావించి వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. పొలంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఇలా జరిగితే చూసేవారెవరు?

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు వాడేవారికి మరొక ప్రమాదం ఉంది. వీరు పిండి పూర్తిగా మానితే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. చిత్రమేమిటంటే అప్పుడు చక్కెర పరీక్షలో అంత ఎక్కువగా కనిపించకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే పైత్యమని ఊరుకోరాదు. రక్తపోటు మాత్రలు మింగేవారికి కూడా పిండి తగ్గించినప్పుడు పోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి.

దీని అర్థం షుగరు ఉన్నవారు పిండి తగ్గించరాదని కాదు. అందరికంటె వారికే అది ఎక్కువ అవసరం. బ్రిటనులో 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో, జబ్బు వచ్చి ఆరేళ్లలోపు ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణలో తిండి బాగా తగ్గించి బరువు తగ్గగా, ఏడాదికి దాదాపు సగం మందికి మాత్రలు లేకుండానే చక్కెర అదుపులో ఉంది. కానీ అక్కడ మాత్రలు ఆపించినది వైద్యులు, పక్కింటివారు కాదు. తిండి తగ్గించేముందు మాత్రల చీటీ తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. "నేను అన్నం సగం చేయబోతున్నాను, మాత్ర ఎంత చేయాలి?" అని అడగాలి. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం అన్నం పూర్తిగా మానే పద్ధతుల వైపు చూడనేకూడదు.

ఎండలో పనిచేసేవారి మాటేమిటి?

ఏప్రిల్, మే నెలల ఎండలో మట్టిపని చేసే కూలివానికీ, అంగడిలో కుర్చీమీద కూర్చునేవానికీ ఒకే తిండి చెప్పడం అన్యాయం. పిండి మానిన మొదటి వారంలో నీటితోపాటు ఉప్పు కూడా ఒంటినుండి పోతుంది. తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం సామాన్యం. ఎండలో ఇది వడదెబ్బకు దారితీస్తుంది. పనివానికి సద్ది సంగటి, మజ్జిగ, ఉల్లిగడ్డ మంచి తిండి. దాన్ని మాన్పించే సలహా ఎవరిచ్చినా వినరాదు. పని లేని రోజున ముద్ద తగ్గించుకుంటే చాలు.

ఒక లెక్క చూద్దాం. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషి దాన్ని 250 గ్రాములకు తగ్గించాడనుకుందాం. సుమారు 520 క్యాలరీలు తగ్గుతాయి. దానికి బదులు 40 గ్రాముల కందిపప్పో, ఉలవలో ఎక్కువ తింటే 130 క్యాలరీలు చేరతాయి. నికరంగా రోజుకు 390 తగ్గినట్లు. ఈ లెక్కన మొదట్లో నెలకు కిలో, కిలోన్నర తగ్గుతుంది. ఆరు నెలలకు అది చిన్న సంగతి కాదు. నూనె తాగనక్కరలేదు, నిమ్మకాయలు కొననక్కరలేదు, పండుగనాడు ఓళిగ తిన్నామని ఏడవనక్కరలేదు.

ఒకే ఇంట్లో ఇద్దరు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన రాష్ట్రంలో స్త్రీలలో మూడోవంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వే ప్రకారం సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. ఒకే ఇంట్లో పొట్ట పెరిగిన కొడుకు, ముఖం పాలిపోయిన కోడలు ఉండటం చూస్తున్నాము. ఒక్కోసారి ఆ రెండు బాధలూ ఒకే మనిషిలో ఉంటున్నాయి. కొడుకు కోసం ఇంట్లో గుడ్లు, మాంసం, నెయ్యి కొని, మిగతావారికి చారు, అన్నం వడ్డించే ఇల్లు బాగుపడదు. వంద రూపాయలు ఖర్చు పెట్టగలిగితే ఒక్కరి నూనె సీసాకు కాక, అందరి పళ్లెంలో పప్పుకు, గుడ్డుకు, ఆకుకూరకు పెట్టాలి. గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఉలవల్లో నూటికి 22 గ్రాములు. తోటకూర, పొనగంటి, గురుగాకు చేలగట్టున దొరికేవే.

స్టోరులో ఏమి ఇవ్వాలి?

ఇంటివాడు చేయవలసినది చెప్పుకున్నాము. ప్రభుత్వం చేయవలసినది కూడా ఉంది. 2023 జనవరి నుండి ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా అందుతున్నది. మనకు అది బియ్యమే. బియ్యం ఉచితం, పప్పు అంగడి ధర. ఇలా ఉన్నప్పుడు పేదవాడు ఏది ఎక్కువ తింటాడో వేరే చెప్పాలా? అన్నం తగ్గించమని ఉపన్యాసం చెప్పే పెద్దలు ముందు ఈ ధరల తేడాను చూడాలి. సీమ జిల్లాల కార్డుదారులకు బియ్యంలో కొంత బదులుగా రాగులు, జొన్నలు ఇవ్వడం అప్పుడప్పుడూ జరిగే ప్రయోగంగా కాక ప్రతి నెలా జరిగే పని కావాలి. కందిపప్పు నిలకడగా, అందుబాటు ధరకు ఇవ్వాలి. ఆ రాగులు, కందులు మన చేలనుండే మద్దతు ధరకు కొంటే రెండు లాభాలు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ ప్రోత్సాహంతో రైతులు సహకార సంఘంగా ఏర్పడి చిరుధాన్యాలు పండించి అమ్ముకుంటున్నారు. చేయగలిగిన పని అని అక్కడ రుజువైంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేలకు ఆ పంటలే తగినవి.

2022లో జిల్లా రెండుగా విడిపోయినా పెన్నకు ఇరువైపులా ఉన్నవారి పళ్లెం ఒక్కటే. ఆ పళ్లెంలో సంగటి ఉండవలసిందే. అది మన పూర్వులను కరువులు దాటించిన తిండి. దాన్ని శత్రువుగా చూడటం తగదు, దాన్నే దేవుడిగా చేసి మూడుపూటలా కుండెడు తినడమూ తగదు. ముద్ద సగం చేయండి, పప్పు రెట్టింపు చేయండి, చక్కెర టీ తగ్గించండి, చీకటి పడేలోగా అరగంట నడవండి. మాత్రలు మింగేవారు డాక్టరును అడగనిదే ఏదీ మొదలుపెట్టకండి. ఈ నాలుగు మాటలు పాటించిన ఇల్లు ఏడాది తర్వాత దర్జీ టేపు తీసి కొలుచుకుంటే జవాబు దానికదే తెలుస్తుంది.